ఎస్తేరమ్మకు తెలియని వారం

కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ తెరిచిన ఏడాది, ఎండాకాలం చివర్లో, నన్ను గైడ్ల విభాగం నుంచి సాధారణ పుస్తకాల విభాగానికి మార్చారు. మాది దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ప్రచురణ సంస్థ. సంస్థ నడిచేది పోటీ పరీక్షల గైడ్ల మీద. మా యజమాని మాత్రం పుస్తకాల మీద మోజుతో ఏడాదికి నాలుగైదు మామూలు పుస్తకాలు కూడా వేసేవారు. ఆ విభాగంలో ఉద్యోగులం ఇద్దరమే. సీనియర్ ఎడిటర్‌గా నేను, కాపీ ఎడిటర్‌గా యాదగిరి. ఏ అధ్యాయం ఉండాలి, ఏది పోవాలి, ఎక్కడ ఏం లోపించింది అని చూడటం సీనియర్ ఎడిటర్ పని. కాపీ ఎడిటర్ వాక్యం వాక్యం పట్టుకుని దిద్దుతాడు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డదాన్ని, అతను నల్లగొండవాడు. ఒకే టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని రోజూ వాదించుకునేవాళ్ళం, టీ మాత్రం కలిసే తాగేవాళ్ళం.

కొత్త విభాగంలో నా చేతికొచ్చిన మొదటి రాతప్రతి ఎస్తేరమ్మ గారిది. ఆవిడ ఆడపిల్లల సంక్షేమ హాస్టల్‌లో వార్డెన్‌గా చేసి రిటైరై మన్సూరాబాద్‌లో ఉంటున్నారు. పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా ఊరికి దూరంగా హాస్టల్ గదుల్లోనే గడిపారు. ఆ అనుభవాలే రాసుకొచ్చారు.

రాతప్రతిని మొదటిసారి చదివేటప్పుడు నేను పెన్సిల్ పట్టుకోను. చేతిలో పెన్సిల్ ఉంటే కళ్ళు తప్పుల కోసమే వెతుకుతాయి, పుస్తకం కనబడదు. ఒట్టి చేతులతో రెండు రోజులు చదివాను. అన్నం ఉడకలేదని కంచాలు మోగించిన పిల్లలు, పప్పు ఎత్తుకుపోతూ దొరికిపోయి తిరిగి వార్డెన్నే తిట్టిన వంటమనిషి, తనిఖీకి వచ్చి బిర్యానీ అడిగిన అధికారి, అందరూ చెంగుచెంగున తిరుగుతున్నారు అందులో. చివరి నుంచి రెండో అధ్యాయం వాళ్ళమ్మ మరణం గురించి. అది చదివాక నేను లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలా లేచిన సందర్భాలు తక్కువ.

ఆ అధ్యాయంలో ఉన్నది ఇది. వాళ్ళమ్మ ఎల్బీనగర్‌లో చిన్న కూతురు సారా దగ్గర ఉండేది. మంచాన పడి వారంలో పోయింది. అప్పుడు హాస్టల్‌లో పదో తరగతి పిల్లలకు పరీక్షలు, వార్డెన్‌కు సెలవు దొరకలేదు. ఎస్తేరమ్మ వచ్చేసరికి శవపెట్టె మూత వేసే వేళైంది. భూస్థాపన దగ్గర, బంధువులందరి ముందు, చెల్లెలు అన్నది: "నీ పిల్లల పరీక్షలు అయిపోయినయా అక్కా? అమ్మ పరీక్ష గూడ అయిపోయింది. ఇగ నువ్వొచ్చి ఏం జేస్తవ్, పో." అంతే. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. ఎల్బీనగర్‌కూ మన్సూరాబాద్‌కూ మధ్య ఉన్నది షేర్ ఆటో దూరం.

రాతప్రతి బాగుందని, కొన్నిచోట్ల కుదించి తెమ్మని చెప్పి తిరిగి ఇచ్చాం. అలవాటు ప్రకారం ఒక జిరాక్స్ మా దగ్గర ఉంచుకున్నాం. రెండో ప్రతి రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చాక తెరిచి చూస్తే నాకు మతిపోయింది. వంటమనిషి పప్పు ఎత్తుకుపోవడం లేదు. అధికారి బిర్యానీ అడగడం లేదు, పిల్లలను దీవించి వెళ్తున్నాడు. కంచాలు మోగించిన పిల్లలు వరుసలో నిలబడి ప్రార్థన చేస్తున్నారు. పుస్తకం మొత్తంలో చెడ్డవాళ్ళన్నవాళ్ళే లేరు. వాళ్ళమ్మ అధ్యాయం మూడు వాక్యాలైపోయింది. చివరి వాక్యం: "మా అమ్మ ప్రభువునందు నిద్రించెను."

"ఏంది మేడం, అందరు దేవదూతలైండ్రు?" అన్నాడు యాదగిరి.

ఎస్తేరమ్మ గారిని పిలిపించి అడిగాను. సంగతి తెలిసింది. వాళ్ళ చర్చి సంఘంలో వారానికొకసారి స్త్రీల కూడిక జరుగుతుంది. అక్కడ ఎవరైనా దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలంటే ముందు అందరూ విని సరేననాలి. ఈవిడ పుస్తకాన్ని కూడా సాక్ష్యమే అనుకుని, అధ్యాయం తర్వాత అధ్యాయం కూడికలో చదివి వినిపించారు. ఆడవాళ్ళు తలో మాటా అన్నారు. పాపం ఆ వంటామెకు మనవలున్నరు, తీసెయ్యి. ఆఫీసరు ఇప్పుడు మంచిగున్నడు, తీసెయ్యి. ఇంట్ల ముచ్చట బజార్ల ఎందుకు, తీసెయ్యి. పాస్టరమ్మ గారు ఒకమాట అన్నారట: "క్షమించినం అని నోటితో అంటే సరిపోదు ఎస్తేరక్కా, కాయితం మీద గూడ క్షమించాలె." ఈవిడ తలూపి ఇంటికొచ్చి కొట్టేశారు.

ఎడిటర్ అంటే కత్తిరించేవాడని లోకం అనుకుంటుంది. నాకూ కత్తిరించడం ఇష్టమే, దాచుకోవడం ఎందుకు. కానీ ఈ పుస్తకంలో నా పని తిరగబడింది. కత్తిరించినవన్నీ వెనక్కి తెచ్చి అతికించమని బతిమాలాల్సి వచ్చింది.

హాస్టల్ అధ్యాయాలకు ఆవిడ ఒప్పుకున్నారు. పేర్లు మారుద్దాం, పప్పు మాత్రం పోయినట్టే ఉండాలి అన్నాను. నవ్వి సరేనన్నారు. అమ్మ అధ్యాయం దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది. ఒడిలోని సంచీ హ్యాండిల్ మెలిపెట్టడం మొదలుపెట్టారు.

"నా చెల్లె గిది చదివితే ఇగ ఎప్పటికీ మాట్లాడదు మేడం. ఇప్పుడన్న, ఏదో ఒకనాడు ఫోన్ జేస్తదని ఆశ ఉన్నది. గా ఆశ నేనే చేతులార పోగొట్టుకోవాల్నా?"

పుస్తకం కోసం ఒక మనిషికి ఉన్న ఒక్క ఆశను పణంగా పెట్టమనే హక్కు ఏ ఎడిటర్‌కూ లేదు. కానీ మా సంస్థలో ఒక నియమం ఉంది. జ్ఞాపకాల పుస్తకంలో బతికున్న మనిషి ఎవరైనా తప్పు చేసినట్టు కనబడితే, ఆ పేజీలు ముందుగా వాళ్ళకు చూపించాలి. వద్దంటే తీసేస్తాం. మామూలుగా ఆ పని రచయితే చేస్తారు. ఆ నియమం చెప్పి, నిర్ణయం చెల్లెలికే వదిలేద్దామా అని అడిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు పెదాలు కదిపారు. తర్వాత అన్నారు, "నేను పోలేను. మీరు పోతరా?"

వెళ్ళాను. ఎల్బీనగర్ చౌరస్తా దాటి లోపలి కాలనీలో, కింది వాటాలో సారా గారి కిరాయి ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, గోడకు వేలాడుతున్న జాకెట్లు. నేను ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పాను. అక్క పేరు వినగానే ఆవిడ ముఖం గట్టిపడింది. కుర్చీ మాత్రం వేసి నీళ్ళిచ్చింది. పేజీలు చేతికిస్తే తీసుకోలేదు. "నాకు పనున్నది. నువ్వే చదువు మేడం, కుట్టుకుంట ఇంట" అని మిషను ముందు కూర్చుంది.

మొదటి ప్రతిలోని అధ్యాయం చదవడం మొదలుపెట్టాను. మిషను నడుస్తూనే ఉంది. నేను గొంతు పెంచాను. సెలవు చీటీ వెనక్కి వచ్చిన చోట చప్పుడు కొంచెం తగ్గింది. తర్వాతి పేరాలో ఎస్తేరమ్మ గారు ఇలా రాశారు: "ఆ వారం మా ఇంట్లో ఏం జరిగినదో నాకు తెలియదు. నేను అడగలేదు." మిషను ఆగింది. నేనూ ఆగాను.

"చదువు," అంది.

భూస్థాపన దగ్గరి మాటలు చదవడానికి నాకే నోరు రాలేదు. ఆవిడ మాట, ఆవిడ ఇంట్లో, ఆవిడ ముఖం మీదే చదవాలి. ఎలాగో చదివాను. దాని కింద ఎస్తేరమ్మ గారు ఒక వాక్యం చేర్చారు: "నా చెల్లెలు దుఃఖంలో అలా అన్నది, అది ఆమె మనసులోని మాట కాదు."

"గది కొట్టెయ్యమను," అంది సారా వెంటనే. "దుఃఖంల గాదు, కోపంల అన్న. నా మనసుల మాటనే అన్న. నా తరఫున ఆమె సర్దిచెప్పుడు ఎందుకు?"

మిగతా అధ్యాయం ఉంచవచ్చా అని అడిగాను. ఉంచుకోమంది. తను అన్న మాట ఉంచవచ్చా అంటే, అన్నదే కదా, ఉంచుకోమంది. తర్వాత చేతిలోని జాకెట్ పక్కన పెట్టేసింది.

"గా వారం సంగతి తెల్వదు అని రాసింది చూడు. తెల్వదు. నాకొక్కదానికే ఎర్క. నీకు చెప్ప మేడం, కోపం జేసుకోకు. ఆమెనే ఒచ్చి అడగమను. అడిగితే చెప్త."

ఏమిటో నేను అడగలేదు. అడిగితే చెప్పేదేమో కూడా. అనుమతి కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

ఆఫీసుకొచ్చి ఎస్తేరమ్మ గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. అటువైపు ఏడుపు వినబడింది. వెళ్తానన్నారు. వెళ్ళలేదు. ఒక వారం కూడిక అన్నారు, ఒక వారం మోకాలి నొప్పి అన్నారు, ఒక వారం వాన అన్నారు. వాన నిజమే అనుకోండి. అసలు సంగతి ఒకనాడు తనే చెప్పారు. అమ్మ పోయేముందు తనను తిట్టిందేమో, నా పెద్దబిడ్డ రాలేదని శపించిందేమో, అది వినాల్సి వస్తుందేమోనని భయం. చెల్లెలు పిలుస్తోంది కోపం తీర్చుకోవడానికేమోనని ఇంకో భయం.

మాకూ ఒక పద్ధతి ఉంది. రాతప్రతిలో అనుమానం వచ్చినచోట ఎడిటర్ మార్జిన్‌లో పెన్సిల్‌తో ప్రశ్న రాస్తాడు. రచయిత జవాబిచ్చాక ఆ ప్రశ్న చెరిపేస్తాం. ప్రశ్న మిగిలి ఉన్న పేజీ ప్రెస్సుకు వెళ్ళదు. ఆ వారం ఏం జరిగిందో తెలియదన్న వాక్యం పక్కన నేను రాశాను: "ఈ వారం గురించి మీ చెల్లెలిని అడిగి రాయండి." తక్కిన పుస్తకం తయారైపోయింది. ఈ ఒక్క ప్రశ్న మిగిలింది.

యజమాని రోజూ అడగడం మొదలుపెట్టారు. ప్రెస్సులో మాకిచ్చిన తేదీ దాటిపోతోంది. ఉద్యోగాల నోటిఫికేషన్లు పడితే ప్రెస్సంతా గైడ్లకే పోతుంది, ఇలాంటి పుస్తకాలు మూలనపడతాయి. అప్పుడు యాదగిరి ఒక పని చేశాడు. ఎస్తేరమ్మ గారి గొంతుతో, ఆవిడ రాసే తీరులో, ఆ వారాన్ని ఊహించి అరపేజీ రాశాడు. అమ్మ కిటికీ వైపు చూడటం, గుమ్మంలో చప్పుడైతే పెద్దకూతురేమో అనుకోవడం. నిజం చెప్పాలంటే చాలా బాగా రాశాడు. యజమాని చదివి భుజం తట్టారు. ఎస్తేరమ్మ గారిని పిలిచి చూపించాం. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మంచిగున్నది. గిదే పెట్టుండ్రి," అన్నారు. ఎల్బీనగర్ వెళ్ళే బాధ తప్పినందుకు ఆవిడ ముఖంలో ఎంత తెరిపి కనిపించిందో చెప్పలేను.

నేను వద్దన్నాను. గదిలో నలుగురం, ముగ్గురు ఒకవైపు, నేనొక్కదాన్నీ ఒకవైపు. కథైతే నేనే అచ్చుకు పంపేదాన్ని. ఇది జరిగిన జీవితమని అట్ట మీద వేసి అమ్మే పుస్తకం. జరిగిందేమిటో తెలిసిన మనిషి ఎల్బీనగర్‌లో మిషను కుట్టుకుంటూ ఉండగా, ఆవిడను అడగకుండా మనం అరపేజీ అల్లి పెడితే, చదివిన రోజు ఆవిడకు ఎలా ఉంటుంది? యాదగిరి తన అరపేజీ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చిన్నబుచ్చుకున్నాడేమో అనుకున్నాను. "మేడం చెప్పింది కరెక్టే. నా మీద ఎవరన్న గిట్ల రాస్తే నేనైతే కొడ్త," అన్నాడు. యజమాని పది రోజులు గడువిచ్చారు.

ఎస్తేరమ్మ గారు లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు. "తిట్టిందేమో మేడం," అన్నారు. తిట్టి ఉంటే అదే రాద్దాం, రాశాక ఏం చేయాలో అప్పుడు ఆలోచిద్దాం అన్నాను. ఆవిడతో పాటు కిందికి దిగి ఆటో ఎక్కించాను. ఎక్కడికని డ్రైవరు అడిగితే ఆవిడ నా వైపు చూశారు. "ఎల్బీనగర్," అన్నారు చిన్న గొంతుతో.

మూడు రోజులు ఫోన్ లేదు. నేనూ చేయలేదు. నాలుగో రోజు పొద్దున ఆఫీసు తాళం తీసేసరికి ఎస్తేరమ్మ గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కాగితాలు చేతిలో పెట్టి, చదవండి, నేను కింద ఉంటా అని వెళ్ళిపోయారు. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఇస్తున్నాను. పుస్తకంలోనూ ఇలాగే ఉంది.

"ఆ వారమంతా అమ్మకు మనుషులను గుర్తుపట్టే తెలివి లేదు. నా చెల్లెలిని చూసి ఎస్తేరూ అని పిలిచింది. సారా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. మొదటిరోజు చెల్లె, నేను సారాను అమ్మా అని చెప్పింది. అమ్మ ఏడ్చింది. రెండో రోజు నుంచి చెప్పడం మానేసింది. ఎప్పుడొచ్చినవ్ బిడ్డా అని అమ్మ అడిగితే, పొద్దుగాలనే ఒచ్చిన అన్నది. సెలవిచ్చిండ్రా అంటే, ఇచ్చిండ్రు అన్నది. పిల్లలు మంచిగ రాస్తున్నరా అంటే, రాస్తున్నరు అన్నది. నా పేరుకు పలికి, నా పేరుతో గంజి తాపింది. అమ్మ నా చేతిలోనే పోతున్నాననుకుని పోయింది. ఆ చెయ్యి నా చెల్లెలిది."

దాని తర్వాత భూస్థాపన. చెల్లెలి మాటలు. ఆ మాటలు నేను అంతకుముందు ఎన్నిసార్లు చదివానో, అవి అప్పుడుగాని నాకు అర్థం కాలేదు. పగలంతా, రాత్రంతా పక్కనే ఉండి, తన పేరు ఒక్కసారైనా వినబడుతుందని కాచుకున్న మనిషి అన్న మాటలు అవి. ఆఫీసులో ఎవరూ లేరు గనక హాయిగా ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని మార్జిన్‌లోని ప్రశ్న చెరిపేశాను.

యాదగిరి ఆ పేజీ చదివాడు. తన పెన్సిల్ డబ్బాలో పెట్టేసి టీ చెప్పడానికి వెళ్ళాడు.

తక్కిన పని మామూలే. అధ్యాయం చివర ఎస్తేరమ్మ గారు పేజీన్నర ప్రార్థన రాశారు. నేను తీసేద్దామన్నాను, ఆవిడ ససేమిరా అన్నారు. ఒకరోజంతా బేరమాడుకుని నాలుగు వాక్యాలకు ఒప్పుకున్నాం. చెల్లెలు చెప్పినట్టే, "దుఃఖంలో అలా అన్నది" అన్న వాక్యం పోయింది. డీటీపీ అయ్యి ప్రూఫులు వచ్చాయి. మొదటి ప్రూఫును మా దగ్గర ఇద్దరు చూస్తారు. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే, ఇంకొకరు అచ్చు కాగితం మీద స్కేలు జరుపుకుంటూ సరిచూస్తారు. ఆ అధ్యాయానికి వచ్చినరోజు ఎస్తేరమ్మ గారు ఒక్కరే రాలేదు. సారా గారు కూడా వచ్చారు, భుజానికి సంచీతో, కొత్త చోటికి వచ్చిన మొహమాటంతో. అక్క చేతిరాత నాకు బాగా తెలుసు, నేను చదువుతా అన్నారు.

నేనూ యాదగిరీ పక్కకు జరిగి కుర్చీలిచ్చాం. సారా గారు చదవడం మొదలుపెట్టారు. బడిపిల్లలా ఒక్కో మాటా విడదీసి చదువుతున్నారు. ఎస్తేరమ్మ గారు స్కేలు కిందికి జరుపుతున్నారు. సెలవు చీటీ అయింది. గంజి అయింది. ఆ పేరా అంతా సారా గారు తడబడకుండా చదివేశారు. భూస్థాపన దగ్గర, "నీ పిల్లల పరీక్షలు" అన్నచోట ఆగిపోయారు. కాగితం బల్ల మీద పెట్టేశారు. అక్క వైపు చూడలేకపోయారు.

ఎస్తేరమ్మ గారు స్కేలు ఆ వరుస కిందే ఉంచి, తల ఎత్తకుండా అన్నారు: "చదువు సారా. గిందుల తప్పేం లేదు, చదువు."

సారా గారు కాగితం తీసుకుని ఆ వరుస చదివారు. తర్వాతి వరుస కూడా చదివారు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఎడిటింగ్ అంటే ఏమిటని అడుగుతుంటారు. రచయితకు తెలియని చోటును ఎడిటర్ తన తెలివితో నింపకూడదు. ఎంత బాగా రాయగలిగినా సరే. అక్కడ ప్రశ్న రాయాలి, జవాబు తెలిసిన మనిషి దగ్గరికి రచయితను పంపాలి, వచ్చేదాకా అచ్చు ఆపాలి. నాకు తెలిసిన ఎడిటింగ్ ఇంతే.